ఆ అయిదు రోజులకు ఎన్ని పేర్లో!

ఉమ్మడి కరీంనగర్‌ జిల్లా పల్లెల్లో బాగా పెద్దవాళ్లను వయసెంతని అడిగి చూడండి. పుట్టిన తేదీ చెప్పరు. 'పోలీస్‌ యాక్షన్‌ నాటికి బర్లు కాసేటోణ్ణి బిడ్డా... నువ్వే లెక్కేసుకో' అంటారు. పక్కనున్న ముసలమ్మ 'రజాకార్ల లొల్లిల నేను సంకల పిల్లనట' అంటుంది. అదే ఆదిలాబాద్‌ మీదుగా మహారాష్ట్రలోని కిన్వట్‌కు వెళ్తే, ఆ వయసు మనిషే 'ముక్తిసంగ్రామ్‌' అంటాడు. ఉర్దూ మాట్లాడే ఇంట్లో అడిగితే 'సుకూతె హైదరాబాద్‌'... అంటే హైదరాబాద్‌ పతనం!

అందరూ చెప్పేది ఒక్క సంగతే. 1948 సెప్టెంబరు 13 నుంచి 17 వరకూ నిజాం రాజ్యంలో జరిగిన యుద్ధం గురించే. అయిదంటే అయిదు రోజులు. దానికిన్ని పేర్లెందుకు?

పేరులో ఏముందిలే అనుకుంటాం. కానీ పేరుతోపాటే ఆ యుద్ధం ఎప్పుడు మొదలైందో, ఎప్పుడు ముగిసిందో, ఎవరు ఎవరిమీద పోరాడారో, అమరుల జాబితాలో ఎవరుంటారో కూడా మారిపోతే? ఆ సంగతి తెలియాలంటే ఓసారి కరీంనగర్‌లో బయల్దేరి, గోదావరి దాటి, ఆదిలాబాద్‌ అడవుల మీదుగా వార్ధా నది దాకా వెళ్లిరావాలి. రండి, వెళ్లొద్దాం.

ట్యాంకులొచ్చినా 'పోలీసే'!

ముందు కరీంనగర్‌లో ఎక్కువగా వినిపించే మాట సంగతి చూద్దాం. 1947 ఆగస్టు 15న దేశానికి స్వాతంత్య్రం వచ్చింది. ఏడో నిజాం మీర్‌ ఉస్మాన్‌ అలీఖాన్‌ మాత్రం ఇండియన్‌ యూనియన్‌లో చేరనన్నాడు. ఆ ఏడాది నవంబరు 29న ఇరుపక్షాల మధ్యా 'యథాతథ ఒప్పందం' కుదిరింది. అది కాగితం మీదే మిగిలింది. కాసిం రజ్వీ నాయకత్వంలో రజాకార్లు ఊళ్ల మీద పడ్డారు. ఇళ్లు తగలబెట్టారు, దోచుకున్నారు. జనం పిల్లాపాపలతో అడవులకీ, సరిహద్దు అవతలికీ పారిపోయారు.

చివరికి 1948 సెప్టెంబరు 13న యూనియన్‌ సైన్యం నాలుగు వైపుల నుంచీ కదిలింది. ప్రధాన దళం షోలాపూర్‌ వైపు నుంచి, మరో దళం బెజవాడ వైపు నుంచి వచ్చాయి. ట్యాంకులు కదిలాయి, విమానాలు బాంబులేశాయి. పదిహేడో తేదీ సాయంత్రం నిజాం రేడియోలో లొంగుబాటు ప్రకటించాడు. మర్నాడు నిజాం సేనాధిపతి ఎల్‌ ఎద్రూస్‌, మేజర్‌ జనరల్‌ జె.ఎన్‌.చౌధురికి లాంఛనంగా లొంగిపోయాడు.

సైనికుల కాగితాల్లో దాని పేరు 'ఆపరేషన్‌ పోలో'. ఢిల్లీ ప్రభుత్వం లోకానికి చెప్పిన పేరు 'పోలీస్‌ యాక్షన్‌'. ట్యాంకులతో వచ్చినవాళ్లు పోలీసులెలా అవుతారు? ఇందులో ఓ కిటుకుంది. అప్పటికే హైదరాబాద్‌ ప్రభుత్వం ఐక్యరాజ్యసమితి భద్రతామండలికి ఫిర్యాదు చేసింది. యుద్ధం అంటే రెండు దేశాల మధ్య జరిగేది. పోలీస్‌ చర్య అంటే మన ఇంట్లో గొడవను మనం సర్దుకోవడం. ఆ ఒక్క మాటతో హైదరాబాద్‌ వేరే దేశం కాదని చెప్పేసినట్లయింది.

విచిత్రమేమిటంటే, ఢిల్లీలో ఆలోచించి పెట్టిన ఆ ఇంగ్లీషు మాట తెలంగాణ పల్లెల్లో అచ్చ తెలుగు మాటలా కలిసిపోయింది. సంతకం పెట్టడం రానివాళ్లు కూడా 'పోలీస్‌ యాక్షన్‌కు ముందు', 'పోలీస్‌ యాక్షన్‌ తర్వాత' అని కాలాన్ని రెండు ముక్కలు చేసి చెబుతారు. ఆడవాళ్ల నోట మాత్రం ఎక్కువగా 'రజాకార్ల లొల్లి' అనే వినిపిస్తుంది. సైన్యం వచ్చిన అయిదు రోజులకన్నా, అంతకు ముందు గింజలు పాతరేసి, పుస్తెలు కొంగున ముడేసుకుని పరుగెత్తిన రాత్రులే వాళ్లకు గుర్తు మరి.

గుట్టల్లో ఇంకో లెక్క

కరీంనగర్‌ నుంచి హుస్నాబాద్‌ వైపు వెళ్తే మహ్మదాపూర్‌ గుట్టలు వస్తాయి. ఇక్కడ మాట మారిపోతుంది. 'పోలీస్‌ యాక్షన్‌' వెనక్కి వెళ్లి 'సాయుధ పోరాటం' ముందుకొస్తుంది. పోలంపల్లికి చెందిన అనభేరి ప్రభాకరరావు, సింగిరెడ్డి భూపతిరెడ్డి తమ దళంతో కలిసి 1948 మార్చి 14న ఇక్కడే నిజాం బలగాల తూటాలకు నేలకొరిగారు. అంటే యూనియన్‌ సైన్యం రావడానికి ఆరునెలల ముందే! అనభేరి భూమి ఉన్న కుటుంబంలో పుట్టినవాడు. అయినా పటేల్‌ పట్వారీల దఫ్తర్లను నడి ఊళ్లో తగలబెట్టించాడు. అప్పు కాగితాలూ, వెట్టి లెక్కలూ బూడిదైతే జనం భయం సగం పోతుందని ఆ దళాల నమ్మకం.

నిజాం మీద సాయుధ పోరాటానికి 1947 సెప్టెంబరు 11న పిలుపునిచ్చిన ముగ్గురిలో రావి నారాయణరెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్‌లతోపాటు ఈ జిల్లా గాలిపల్లికి చెందిన బద్దం ఎల్లారెడ్డి ఉన్నారు. ఈ లెక్కలో యుద్ధం అయిదు రోజులది కాదు. 1946లో కడవెండిలో దొడ్డి కొమరయ్య మరణంతో రాజుకుని, 1951 అక్టోబరులో విరమించేదాకా సాగినది. సెప్టెంబరు 17 దానికి ముగింపు కాదు, మధ్యలో వచ్చిన మలుపు. నిన్నటిదాకా నిజాం పోలీసుల మీద ఎక్కుపెట్టిన తుపాకీ ఆ మర్నాటి నుంచీ యూనియన్‌ సైన్యానికి ఎదురు నిలిచింది. ఒకే మనిషి సెప్టెంబరు 16న సమరయోధుడు, 18న తిరుగుబాటుదారు! అదే బద్దం ఎల్లారెడ్డిని 1952లో జరిగిన తొలి ఎన్నికల్లో కరీంనగర్‌ జనం లోక్‌సభకు పంపడం మరో విశేషం.

ఆ రోజుల్లో కరీంనగర్‌ జిల్లాలోనే ఉన్న పరకాలకు వెళ్తే ఇంకో తేదీ ఎదురవుతుంది. 1947 సెప్టెంబరు 2న జాతీయజెండా ఎగరేయడానికి గుమిగూడిన జనం మీద కాల్పులు జరిగాయి. ప్రాణాలు కోల్పోయినవారి గుర్తుగా ఇప్పుడక్కడ 'అమరధామం' ఉంది. దాన్ని 'దక్షిణాది జలియన్‌వాలాబాగ్‌' అనడం పరిపాటి. పరకాల వాళ్లకు యుద్ధం ఆ రోజే మొదలైంది.

ఏరు దాటితే స్వాతంత్య్రం

ఇప్పుడు కాళేశ్వరం వెళ్దాం. గోదావరి, ప్రాణహిత కలిసే చోటు. గట్టున నిలబడితే అవతల కనిపించేది సిరోంచ. మహారాష్ట్రే అయినా అక్కడ తెలుగు మాట్లాడేవాళ్లు ఎందరో. రెండు గట్ల మధ్యా సంబంధాలు కలుపుకోవడం పాత అలవాటే.

అయితే 1947లో ఈ నది రెండు కాలాల మధ్య ప్రవహించింది. సిరోంచ బ్రిటిష్‌వారి సెంట్రల్‌ ప్రావిన్సెస్‌లో భాగం. అక్కడ ఆగస్టు 15న మూడురంగుల జెండా ఎగిరింది. ఇవతల అదే జెండా పట్టుకుంటే జైలే. అటు వియ్యంకుడికి స్వాతంత్య్రం వచ్చిన పదమూడు నెలలకు గానీ ఇటు వియ్యంకుడికి రాలేదు! అందుకే సిరోంచ వైపు ఈ యుద్ధానికి ప్రత్యేకించి పేరేమీ పెట్టుకోవాల్సిన అవసరం రాలేదు. వాళ్లకది పొరుగింటి సంగతి. ఇటు కృష్ణా, గుంటూరు జిల్లాల తెలుగువాళ్లదీ అదే కథ. వాళ్ల స్వాతంత్య్రం ఆగస్టులోనే అయిపోయింది.

ఆ పదమూడు నెలలూ సరిహద్దు వెంబడి స్టేట్‌ కాంగ్రెస్‌ వాళ్లు క్యాంపులు నడిపారు. కరీంనగర్‌, ఆదిలాబాద్‌ యువకులకు దగ్గరి ఆశ్రయం చాందా. అదే ఇప్పటి చంద్రపూర్‌. వంగరకు చెందిన ఓ యువకుడు కూడా చాందా క్యాంపులో పనిచేశాడు. ఆయన పేరు పి.వి.నరసింహారావు. తర్వాత దేశ ప్రధానమంత్రి అయ్యారు. హైదరాబాద్‌ సంస్థాన పోరాటాన్ని కేంద్రం స్వాతంత్య్ర సమరయోధుల పింఛను పథకంలో చేర్చినప్పుడు ఈ సరిహద్దు క్యాంపుల్లో పనిచేశామన్న రుజువు ఎంతోమందికి కీలకమైంది. పేరుకు, పింఛనుకు అలా ముడిపడింది.

పున్నమి నాటి యుద్ధం

చాందాకు వెళ్లాలంటే పెద్దపల్లిలో రైలెక్కడం తేలిక. రామగుండం దాటాక గోదావరి వంతెన, ఆ తర్వాత మంచిర్యాల, బెల్లంపల్లి. మధ్యలో ఆసిఫాబాద్‌ రోడ్‌ స్టేషన్‌ వస్తుంది. ఇక్కడ దిగి కొండల్లోకి వెళ్తే జోడేఘాట్‌.

ఈ కొండల్లోని గోండు, కోలాము గూడేల్లో యుద్ధమంటే 1948 గుర్తుకురాదు. అంతకు ఎనిమిదేళ్ల ముందు, 1940లో, అడవి మీదా భూమి మీదా హక్కు కోసం నిజాం పోలీసులకు ఎదురునిలిచి కొమురం భీం నేలకొరిగిన పోరే వాళ్లకు అసలు యుద్ధం. సర్కారు దాన్ని గోండుల తిరుగుబాటుగా చూసింది. అదెందుకు జరిగిందో తెలుసుకోవడానికి మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్‌ను పంపింది. ఆయన మార్లవాయిలో ఉండి చేసిన కృషిని గూడేలు ఈనాటికీ తలచుకుంటాయి. గోండులకు మాత్రం ఇది 'జల్‌, జంగల్‌, జమీన్‌' పోరాటం. తేదీ విషయంలో పుస్తకాలు తలో మాటా చెబుతాయి గానీ గూడేలకు ఆ పేచీ లేదు. ఏటా ఆశ్వయుజ పున్నమి నాడు జోడేఘాట్‌లో వర్ధంతి జరుపుతారు. యుద్ధానికి పేరే కాదు, క్యాలెండర్‌ కూడా వాళ్లదే!

2016లో జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు ఈ ప్రాంతం కొమురం భీం జిల్లా అయింది. 1940లో తిరుగుబాటుదారు అనిపించుకున్న మనిషి పేరు మీదే ఇప్పుడు కలెక్టరు సంతకాలు చేస్తున్నారన్నమాట.

ఒకే జిల్లా... రెండు ముక్కలు

మళ్లీ రైలెక్కుదాం. సిర్పూర్‌ కాగజ్‌నగర్‌, సిర్పూర్‌ టౌన్‌, మాకుడి. ఆ తర్వాత స్టేషన్‌ బోర్డుల మీద మరాఠీ కనిపిస్తుంది. మహారాష్ట్ర వచ్చేసింది. అయితే 1948లో నిజాం రాజ్యం ఇక్కడితో అయిపోలేదు. విరూర్‌, మాణిక్‌గఢ్‌ దాటి వార్ధా నది వంతెన వచ్చేదాకా నిజాం నేలే. వంతెన అవతల బల్లార్షా. అక్కడికి చేరినవాడు స్వతంత్ర భారతంలో కాలుపెట్టినట్లు.

వార్ధాకు ఇవతలున్న ఈ రాజురా తాలూకా అప్పట్లో మన ఆదిలాబాద్‌ జిల్లాలోదే. అటు పడమటనున్న కిన్వట్‌ కూడా అంతే. 1956లో భాషాప్రయుక్త రాష్ట్రాలు ఏర్పడినప్పుడు ఈ రెండూ జిల్లా నుంచి విడిపోయి నాందేడ్‌లో కలిశాయి. 1959లో రాజురా చంద్రపూర్‌ జిల్లాలోకి వెళ్లింది.

ఇక్కడే అసలు విశేషం ఉంది. ఒకే జిల్లా, ఒకే తాలూక్‌దారు, ఒకే రజాకార్లు, ఒకే సెప్టెంబరు. కానీ గీత గీశాక రెండు పేర్లయ్యాయి. కిన్వట్‌ బడిపిల్లలకు అది 'మరాఠ్వాడా ముక్తిసంగ్రామ్‌'. ఏటా సెప్టెంబరు 17న జెండా ఎగరేస్తారు. హైదరాబాద్‌ స్టేట్‌ కాంగ్రెస్‌ను నడిపిన స్వామి రామానంద తీర్థ అక్కడ ఇంటింటి పేరు. నాందేడ్‌ విశ్వవిద్యాలయానికి ఆయన పేరే పెట్టారు. దాన్ని ప్రారంభించిందీ 1994 సెప్టెంబరు 17నే. రాజురా ఇంకా తమాషా. చంద్రపూర్‌ జిల్లాలో మిగతా ఊళ్లకు ఆగస్టు 15 ఒక్కటే పండగైతే, రాజురాలో సెప్టెంబరు 17న మరో ముక్తి దినం!

ఇక కిన్వట్‌ నుంచి రైల్లో ఇటొస్తే ఆదిలాబాద్‌. ఇక్కడ మరాఠీ మాట్లాడే కుటుంబాలు బోలెడు. బేల, జైనథ్‌ వైపు వెళ్తే మరాఠీ, తెలుగు కలగలిసే వినిపిస్తాయి. అటు చుట్టాలింటికెళ్తే సెప్టెంబరు 17న జెండా పండగ, ఇటు తిరిగొస్తే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ ఉన్నంతకాలం మామూలు పనిరోజు. సాగినన్నాళ్లు అలాగే సాగింది. కర్ణాటకలో కలిసిన గుల్బర్గా, బీదర్‌, రాయచూరు వైపు అదే రోజు 'విమోచన దినం'. 2019 నుంచి ఆ ప్రాంతం పేరే 'కల్యాణ కర్ణాటక'గా మారి, పండగ కూడా 'కల్యాణ కర్ణాటక ఉత్సవం' అయింది.

ఎవరూ గట్టిగా అనని పేరు

'సుకూత్‌' అంటే పతనం. ఈ మాటను వీధుల్లో ఎవరూ అరిచి చెప్పరు. ఆదిలాబాద్‌, నిర్మల్‌, కరీంనగర్‌ పట్టణాల్లో ఉర్దూ మాట్లాడే పాత కుటుంబాల్లో లోగొంతుతో వినిపిస్తుంది. కొలువు పోయినవాళ్లూ, కాందిశీకులైనవాళ్లూ, అసలు రజాకార్లతో సంబంధమే లేనివాళ్లూ ఆ మాట వెనకున్నారు.

సైన్యం వచ్చాక కొన్నిచోట్ల ముస్లింల మీద ప్రతీకార దాడులు జరిగాయి. నెహ్రూ ప్రభుత్వం పండిట్‌ సుందర్‌లాల్‌ నాయకత్వంలో ఓ బృందాన్ని పంపింది. చాలా తక్కువగా వేసుకున్నా 27 వేల నుంచి 40 వేల మంది దాకా చనిపోయి ఉంటారని ఆ బృందం అంచనా. ఎక్కువగా దెబ్బతిన్నవి ఉస్మానాబాద్‌, గుల్బర్గా, బీదర్‌, నాందేడ్‌ జిల్లాలని చెప్పింది. నాందేడ్‌ అంటే ఆదిలాబాద్‌కు గోడ పక్క ఇల్లు. ఆ నివేదిక దశాబ్దాలపాటు బీరువాలోనే ఉండిపోయింది.

కాసిం రజ్వీ జైలుశిక్ష అనుభవించి 1957లో పాకిస్థాన్‌ వెళ్లిపోయాడు. నిజాం 1956 దాకా రాజప్రముఖ్‌గా గౌరవంగా ఉన్నాడు. ఊళ్లలో ఉండిపోయిన మామూలు మనుషులే రెండువైపుల బాధా మోశారు. రజాకార్లు తగలబెట్టిన ఇంటివాళ్లకు 'విమోచన' అనే మాట ఎంత నిజమో, ఏ పాపమెరగని తండ్రిని ఆ సెప్టెంబరులో పోగొట్టుకున్న కొడుక్కి 'పతనం' అన్న మాట అంత నిజం. ఒకరి మాట నిజం కావాలంటే ఇంకొకరిది అబద్ధం కానక్కర్లేదు.

క్యాలెండర్‌లో కుస్తీ

ఆదిలాబాద్‌ నుంచి జాతీయ రహదారి మీద దక్షిణానికి వస్తే నిర్మల్‌. కొయ్యబొమ్మల ఊరు. ఇక్కడ ఇంకా పాత యుద్ధం ఒకటుంది. 1857లో ఉత్తరాదిలో రాజుకున్న నిప్పు ఇక్కడిదాకా వచ్చింది. రాంజీ గోండు నాయకత్వంలో గోండులు, రొహిల్లాలు కలిసి పోరాడారు. 1860లో రాంజీని పట్టుకుని, వెయ్యిమంది అనుచరులతో సహా ఓ మర్రికి ఉరితీశారని నిర్మల్‌ వాళ్లు చెబుతారు. ఇంగ్లీషువాళ్లు ఆ యుద్ధాన్ని 'సిపాయిల తిరుగుబాటు' అన్నారు. మనం 'ప్రథమ స్వాతంత్య్ర సంగ్రామం' అన్నాం. నిర్మల్‌ వాళ్లు ఆ రెండూ అనరు. 'వెయ్యి ఉరుల మర్రి' అంటారు. యుద్ధం పేరు అడిగితే చెట్టు పేరు చెబుతారు!

2021 సెప్టెంబరు 17న భారతీయ జనతా పార్టీ 'విమోచన దినం' సభ పెట్టింది ఈ నిర్మల్‌లోనే. కేంద్ర హోంమంత్రి అమిత్‌షా వచ్చారు. అప్పటినుంచీ క్యాలెండర్‌లో కుస్తీ ముదిరింది. 2022లో కేంద్రం సికింద్రాబాద్‌ పరేడ్‌ గ్రౌండ్స్‌లో 'హైదరాబాద్‌ విమోచన దినం' జరిపింది. అదేరోజు పబ్లిక్‌ గార్డెన్స్‌లో రాష్ట్ర ప్రభుత్వం 'జాతీయ సమైక్యతా దినం' జరిపింది. ప్రభుత్వం మారాక 2024లో రాష్ట్రం దాన్ని 'ప్రజాపాలన దినోత్సవం' చేసింది. కమ్యూనిస్టు పార్టీలకు అది 'విలీన దినం'. నక్సల్బరీ బాట పట్టిన వర్గాలకు 'విద్రోహ దినం'. ఒకే జెండా, ఒకే రోజు, ఊరికో బ్యానరు!

వీటిలో ఏదో ఒక్కటి ఉంచి మిగతావి చెరిపేస్తే సరిపోతుందా? ఇన్ని ఊళ్లు తిరిగొచ్చాక అలా అనిపించదు. 'పోలీస్‌ యాక్షన్‌' అంటే అయిదు రోజులే మిగులుతాయి. అందులో మార్చిలోనే చనిపోయిన అనభేరికి చోటుండదు. 'విమోచన' అనుకుంటే అక్టోబరు 1951 దాకా పోరాడినవాళ్లు బయటికి పోతారు. 'సాయుధ పోరాటం' ఒక్కటే అనుకుంటే చాందా క్యాంపులో ఉన్నవాళ్లను మరిచిపోతాం. 'విలీనం' అంటే పుస్తెలు కొంగున ముడేసుకుని పరుగెత్తిన తల్లుల భయం వినిపించదు. వీటిలో దేన్ని ఎంచుకున్నా, నాందేడ్‌ బావుల దగ్గరా పొలాల్లోనూ ప్రాణాలొదిలిన అమాయకుల మాట రాదు. ఒక్కో పేరు ఒక్కో గంపలాంటిది. దాంట్లో పట్టినంతే పడుతుంది.

ఆ రోజులు కళ్లారా చూసినవాళ్లు ఇప్పుడు ఎనభయ్యో పడి దాటి ఉంటారు. ఊరికి ఒకరో ఇద్దరో. మీ ఇంట్లో అలాంటి తాతయ్యో నాయనమ్మో ఉంటే ఈ ఆదివారం దగ్గర కూర్చుని అడగండి. సంవత్సరమూ తేదీ మనకు తెలిసినవే, వాటితో పనిలేదు. ఆ గడబిడను వాళ్లు ఏ పేరుతో పిలుస్తారో అడగండి. ఆ పేరు ఎందుకొచ్చిందో అడగండి. చెప్పింది చెప్పినట్లు, వాళ్ల మాటల్లోనే ఓ నోటుబుక్కులో రాసిపెట్టండి. సర్కారు పెట్టే పేరు సర్కారుతోపాటు మారుతుంది. మీ నాయనమ్మ పెట్టిన పేరును దాచాల్సింది మీరే.